విమర్శ ధర్మము

ఒకడు తన చేతులతో చేసిన వస్తువును తెచ్చి మన యెదుట నుంచి, "ఎట్లున్నది?" అని యడిగినప్పుడు మనము చెప్పవలసిన దేమి? ప్రశ్న చిన్నది. ఇంటిలో క్రొత్తకోడలు వండిన కూర మొదలు సభలో కవి చదివిన ఖండకావ్యము వఱకు, ప్రతిదినము ఎవరో యొకరు మనల నడుగుచునే యుందురు. మనమును ఏదో యొకటి చెప్పి సాగిపోవుచుందుము. కాని ఆ మాట వలన అడిగినవాని కేమి యయ్యెనో తిరిగి చూచువారు అరుదు. ఈ విషయమున మేము చేసిన పొరపాటునే ముందిడికొని, విమర్శ యనునది ఏ ధర్మమునకు లోబడి యుండవలెనో యిచ్చట ఆలోచింప దలచితిమి.

మా నివాసము ఫోరస్ రోడ్డు ప్రాంతము. పలకల మీద ఆర్. ఎస్. నింకర్ మార్గ్ అని యున్నను జనుల నాలుకపై పాత పేరే నిలిచియున్నది. ఫోరస్ అను మాట, భూమికి చెల్లించు శిస్తును తెలుపు పోర్చుగీసు పదము నుండి వచ్చిన దందురు. సముద్రపు పోటునకు మునుగుచుండిన ఈ పల్లపు నేలలు, 18వ శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డు కట్టతో గండి పూడిన పిమ్మట, క్రమముగా ఊరుగా మారెను. 1795 ప్రాంతమున తెలుగు సీమ నుండి వచ్చిన కామాఠీలు ఇచ్చట కాపురముండుటచే కామాఠీపుర మేర్పడినది. రాళ్లు మోసి, సున్నము కలిపి, గోడలెత్తి ఈ మహానగరమును నిలబెట్టినవారిలో మన పెద్దలు కలరు. తరువాత బట్టల మిల్లులకు వచ్చిన నేతపనివారును వారితో చేరిరి. అట్టివారి చాల్ ఒకదానిలో, పది అడుగుల గదిలో, ఒక యువకుడు రెండేండ్లు రాత్రులు మేల్కొని ఒక కంప్యూటరు ఆటను చేసెను. కంపెనీ అండ లేక ఒకరో యిద్దరో స్వంతముగా చేయు ఇట్టి చిన్న ఆటలను నేడు ఇండీ గేములందురు.

ఆటకు వస్తువు కంప్యూటరు వైరస్. తెరపై ఒక చాల్ కనబడును. పొడవైన వసారా, దాని నానుకొని వరుసగా గదులు. ప్రతి గదియు ఒక కంప్యూటరు. తలుపులు తెరచియున్నచో ఉత్తరములు ఒక గది నుండి మఱియొక గదికి పోవుచుండును. ఆడువాడే వైరస్, తెరచిన తలుపులు వెదకికొనుచు గది గదికి ప్రాకవలెను. తలుపులన్నియు మూసికొన్న గదిని వైరస్ చేరజాలదు. కాని ఆ గదికి ఉత్తరములును చేరవు. కొంతసేపటికి అందలి దీపము తనంతట తానే ఆరిపోవును. ఇట్టివి ఐదంతస్తులు.

ఒక ఆదివారమున ఆతడు తన ల్యాప్‌టాప్ తెచ్చి మా ముందుంచి, "పెద్దనాయనా, కొద్దిగ ఆడి చూడుండ్రి. తప్పులున్నా చెప్పుండ్రి" అనెను. మేము రెండు నిమిషములు మీటలు నొక్కితిమి. ఏమియు తెలియలేదు. తెలియలేదని యొప్పుకొనుటకు వయసు అడ్డువచ్చెను. "భేష్ బిడ్డా! మన చాల్ పోరడు ఇంత పని చేసిండా!" అని వీపు తట్టితిమి. ఆతడు సంతోషింపక, "ఏ అంతస్తు దాక వోయిండ్రు?" అని యడిగెను. మేము మొదటి యంతస్తు కూడ దాటలేదు. ఆ ప్రశ్నకు మా కడ సమాధానము లేకపోయెను.

ఆ సాయంకాలమే మా మిత్రులొకరు, గ్రంథములతో చిరపరిచయము గల పెద్దలు, ఈ సంగతి విని కోపించిరి. "రోగము పక్షమున నిలిచి ఇండ్లు పాడుచేయుట ఒక ఆటయా? 2020లో ఈ వసారాలోనే గదా వైరస్‌కు వెఱచి తలుపులు బిగించుకొని కూర్చుంటిమి! చదువుకొన్న పిల్లవాడు చేయదగిన పనియా యిది?" అని ఆ యువకుని ముఖము మీదనే యనిరి. ఆతడు మాఱు పలుకక ల్యాప్‌టాప్ మూసి వెడలిపోయెను. ఇరువది దినముల వఱకు ఆతడు ఆట జోలికి పోలేదనియు, రాత్రి భోజనము కూడ సరిగా చేయుట లేదనియు వాని తల్లి చెప్పగా వింటిమి.

మొదట మేము, తప్పు మా మిత్రునిదే, మాది వాత్సల్యమని తలచితిమి. కాని ఆతడడిగిన ప్రశ్న మమ్ము విడువలేదు. ఏ అంతస్తు దాక పోతిమి? మా మిత్రులు ఆట ఆడలేదు, మేమును ఆడలేదు. వారు పేరు విని నిందించిరి. మేము వానిని చూచి మెచ్చితిమి. ఆ రెండేండ్ల పనిని మాత్రము ఇద్దఱమును చూడలేదు. శ్రమ తప్పించుకొనుటకు తెగడ్త యొక దారి, పొగడ్త యొక దారి. కాకిపిల్ల కాకికి ముద్దు అందురు. నిజమే, కాని ఆ ముద్దు కాకిపిల్లకు ఎగురుట నేర్పదు గదా!

సిగ్గుపడి, ఆ యువకుని పిలిపించితిమి. "ఆటను మా దగ్గర ఉంచిపో. ముందు మేము ఆడుతం, తరువాత మాట్లాడుతం" అని చెప్పితిమి. నాలుగు సాయంకాలములు కూర్చుండి ఐదంతస్తులును ఎక్కితిమి. నడుమ నడుమ, ఈ వైరస్ అనునదేమో తెలిసికొన యత్నించితిమి. తనవంటి దానిని తానే కల్పించుకొను యంత్రమును గూర్చి జాన్ ఫాన్ నాయ్‌మన్ అను గణితవేత్త చేసిన యోచనలు ఆయన మరణానంతరము 1966లో గ్రంథమై వెలువడెను. అంతకు ముందే, 1961లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ముగ్గురు విద్వాంసులు డార్విన్ అను ఆటను కల్పించిరి. అందు ప్రోగ్రాములు ఒకదాని నొకటి తుడిచివేయుచు స్థలము నాక్రమించును. 1971లో బాబ్ థామస్ ప్రయోగార్థము వ్రాసిన క్రీపర్ యంత్రము నుండి యంత్రమునకు ప్రాకెను. 1980ల నడుమ ఫ్రెడ్ కోహెన్ పరిశోధనలతో వైరస్ అను పేరు స్థిరపడెను. 1984లో డ్యూడ్నీ అను రచయిత సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో కోర్ వార్ అను ఆటను పరిచయము చేసెను. అనగా ఆటయు వైరస్సును ఒకే యింట పెరిగిన తోబుట్టువులు. మా మిత్రులు వింతయని కోపించిన ఆలోచన అఱువదియేండ్ల నాటి పెద్దల ఆలోచనయే.

చూడక నిందించుట వలని కీడు ఎంతదో మన నగర చరిత్రయే చెప్పును. 1896 సెప్టెంబరులో మాండ్వీలో డాక్టరు అకాసియో వియేగస్ ప్లేగును గుర్తించెను. అది వైరస్ కాదు, బాక్టీరియా. కాని భయము ఒక్కటే. ఇచ్చటికి రప్పింపబడిన హాఫ్కిన్ టీకా సిద్ధపరచి, 1897 జనవరి 10న మొదట తన దేహముపైనే ప్రయోగించుకొనెను. ఆ నెలలోనే మన యిరుగున నున్న బైకుల్లా జైలులో, సమ్మతించిన ఖైదీలకు వేసెను. 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున టీకా వేసికొన్న 19 మంది ధనుర్వాతమున మరణించిరి. వెంటనే నింద ప్రయోగశాలపై పడెను. హాఫ్కిన్ పదవిని కోల్పోయెను. దోషము సీసా తయారైన చోట గాక, దానిని తెరచిన చోట జరిగియుండునని సాక్ష్యము సూచించుచున్నను, దానిని చూచువారు లేకపోయిరి. 1907లో రొనాల్డ్ రాస్ మున్నగు శాస్త్రజ్ఞులు ఆయన పక్షమున నిలిచిన తరువాత గాని ఆ మచ్చ తొలగలేదు. 1925లో పరేలులోని ఆ ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టిరి. గౌరవము తిరిగి వచ్చెను గాని, పోయిన సంవత్సరములు తిరిగి రాలేదు.

మన శాస్త్రకారులు వాదమున ఒక నియమమును పాటించిరి. ఎదుటివాని మతమును ఖండింపబూనినవాడు, ముందుగా దానిని పూర్వపక్షముగా తన నోటితోనే నిలుపవలెను. ఎదుటివాడు "ఔను, నా మాట ఇదే" అని యంగీకరించునట్లు చెప్పగలిగిన పిమ్మటనే సిద్ధాంతమునకు పూనుకొనవలెను. ఈ నియమము తప్పినప్పుడు పాండిత్యము కూడ పరిహాసమునకు దిగును. వీరేశలింగముగారి వివేకవర్ధని 1874లో వెలువడిన పిమ్మట, వారికిని కొక్కొండ వేంకటరత్నముగారికిని పత్రికలలో సాగిన వాదములు చూచినచో, ఇద్దఱు మహానుభావులును ఒకరి తప్పులొకరు ఎంత నేర్పుతో పట్టిరో యంత నేర్పుతో నొప్పించికొనిరి. చదువరులకు వినోదము కలిగెను. వ్యాకరణమును కొంత తెలిసెను. కాని యొకరి వలన నొకరు బాగుపడిరా యనునది వేఱు ప్రశ్న.

శాస్త్రము దాక పోనేల? మన పూర్వుల చేతిపనియే దీనిని నేర్పును. గోడ వంకరగా లేచినదని కూలివానిని తిట్టినంత మాత్రమున గోడ నిలువు కాదు. మేస్త్రి తూకపు గుండును వ్రేలాడదీయును. దారమునకును గోడకును నడుమ నున్న ఎడము అందఱకు కనబడును, కట్టినవానికి కూడ కనబడును. గుండు తిట్టదు, పొగడదు. ఏ వరుస వద్ద వంపు మొదలైనదో చూపును. ఆ వరుస వఱకు విప్పి తిరిగి కట్టుదురు గాని, పునాది నుండి కూల్చరు. మఱియొక సంగతి: గుండును గోడ ప్రక్కనే పట్టవలెను. వీథి అవతల నిలిచి గోడ వంకర యనువాని మాట నిజమైనను పనికిరాదు.

ఈ బుద్ధితో ఆ యువకునితో కూర్చుంటిమి. మొదట, ఆతడు చేయదలచినది మాకెట్లు తోచెనో చెప్పితిమి. "తలుపు తెరిస్తే కీడు వస్తది, మూస్తే దీపం ఆరిపోతది. ఈ రెంటి నడుమ ఎట్ల బ్రతకాలె అన్నదే నీ ఆట, ఔనా?" అంటిమి. "గదే పెద్దనాయనా, గదే!" అని ఆతడు ముందునకు జరిగి కూర్చుండెను. ఆ క్షణము నుండి మేము చెప్పిన తప్పులను ఆతడు తనకు శత్రువులుగా చూడలేదు. తన కోరిక నెరవేరుటకు అడ్డమైన రాళ్లుగా చూచెను. వ్రాసికొనుటకు తానే కాగితము తీసెను.

తరువాత మాకు జరిగినది జరిగినట్లు చెప్పితిమి. మూడవ యంతస్తున పదునేడు మాఱులు ఓడితిమి. ఏల ఓడితిమో ఒక్క మాఱును తెలియలేదు. ఓటమి బాధింపలేదు, కారణము తెలియకుండుట బాధించెను. "ఇది కష్టము" అనుటకును, "ఇది ఏల జరిగెనో మాకు తెలియలేదు" అనుటకును చాల భేదము కలదు. మొదటిది తీర్పు, రెండవది సాక్ష్యము. తీర్పుతో చేయువానికి పనిలేదు. సాక్ష్యముతో పని కలదు.

పిమ్మట తెలుగు అక్షరముల సంగతి. ఆతడు ఆటలోని మాటలన్నియు తెలుగున నుంచెను. ముంబయిలో పుట్టి మరాఠీ, హిందీ, ఇంగ్లీషులతో పెరిగినవాడు ఇట్లు చేయుట మాకు గర్వమే. కాని తెరపై ఒత్తులు విడిపోయి ప్రక్కన పడియుండెను. క్ష యను అక్షరము రెండు ముక్కలై కనబడెను. "అక్షరములు బాగులేవు" అని ఊరకొనక, ఈ పని తెలిసిన మఱియొకని నడిగి కారణము తెలిసికొంటిమి. మన లిపిలో హల్లు, ఒత్తు, గుణింతము ఒకటిగా కూర్పబడవలెను. ఇంగ్లీషువలె వరుసగా పేర్చిన చాలదు. ఆ కూర్పు చేయు హార్ఫ్‌బజ్ వంటి ఉపకరణము లేని సాధనములలో తెలుగు ఇట్లే చెదరును. 2023లో వచ్చిన గొడో నాలుగవ రూపమున ఆ వసతి కలదు. ఇట్లు దారితో గూడ చెప్పిన తప్పు బరువుగా నుండదు.

ఇంతవఱకు మాట సులభము. కఠినమైనది చివర మిగిలినది. ఆటలో వైరస్ మొదట ఎక్కడ పుట్టును? మొదటి యంతస్తున, క్రింది గల్లీ వైపు తెరచియున్న ఒక గదిలో. ఆ గది ముందు రంగుచీరలతో నిలిచిన స్త్రీలను ఆతడు చిత్రించెను. ఎవరిని చిత్రించెనో ఈ ప్రాంతపువారికి చెప్పనక్కఱలేదు. రోగమునకు పుట్టిల్లు వారి యిల్లు అని ఆ బొమ్మ చెప్పుచున్నది. పొగడ్త పొగడిన మేము దీనిని చూడలేదు. తెగడ్త తెగడిన మా మిత్రులును చూడలేదు. ఆటలోని నిజమైన దోషము ఇదియే గాని, ఆడినవారికి గాని యిది కనబడదు.

దీనిని చెప్పవలెనా? ఆతడిప్పుడిప్పుడే తిరిగి పనికి పూనుకొన్నవాడు. మఱల మనసు విఱుగునేమో యని ఒక రాత్రి ఆలోచించితిమి. కాని చెప్పకుండుట ఆతనిని పిల్లవానిగా చూచుటయే యగును. పనివానిగా చూచినచో చెప్పవలెను. నలుగురిలో గాక, వసారా చివర నిలిచి, ఆతనినే యడిగితిమి: "బిడ్డా, నీవు కొలువుకు పోయి చిరునామా చెప్పితే వాళ్లు నిన్ను ఎట్ల చూసిండ్రో చెప్పినవు గదా? మరి ఆ ఆడోళ్లను నీ ఆట ఎట్ల చూస్తున్నది?" ఆతడు చాలసేపు మాటాడలేదు.

మేము మఱికొంత చెప్పితిమి. చరిత్ర కూడ ఆ బొమ్మను సమర్థింపదు. 1986లో ప్రపంచమంతట వ్యాపించిన బ్రెయిన్ అను వైరస్ లాహోరులో దుకాణము నడుపు ఇద్దఱు సోదరులు వ్రాసినది. అందు వారి పేరు, చిరునామా, ఫోను సంఖ్యయు నుండెను. 2000 మే నెలలో లోకమును కలవరపెట్టిన వైరస్ ప్రేమలేఖ వేషమున, తెలిసినవారి పేరుతోనే వచ్చెను. ప్లేగు కాలమున నింద పేదల వాడల మీద పడెను. 1898లో కరాచీలో సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు, ఎలుకల ఒంటిపై నుండు చిన్న పురుగు ద్వారా అది వ్యాపించునని చూపెను. కీడు చాలమాఱులు గౌరవము గల చేతి నుండియే వచ్చును. నింద మాత్రము ఎదురు చెప్పలేనివారి గుమ్మమున పడును.

మూడు వారములకు ఆతడు తిరిగి వచ్చెను. ఆ స్త్రీల గది అట్లే యున్నది; కాని వైరస్ అక్కడ పుట్టుట లేదు. పై యంతస్తున, శుభ్రమైన గదిలో, అందఱు గౌరవించు ఒక పెద్దమనిషి చేతి ఉత్తరము నుండి బయలుదేరుచున్నది. అక్షరములు చక్కబడెను. ఓడినప్పుడు ఏ తలుపు వలన ఓడితిమో తెరపై కనబడుచున్నది. మూడవ యంతస్తును సులభము చేయుమన్న మా సలహాను మాత్రము ఆతడు త్రోసివేసెను. "కారణం కనిపిస్తే కష్టం ఉండాలె పెద్దనాయనా" అనెను. ఆడి చూడగా ఆతని మాటయే సరియని తేలినది. పని ఆతనిది, గుండు పట్టుట వఱకే మన వంతు. సలహా చెల్లలేదని నొచ్చుకొనువాడు విమర్శకుడు కాడు, అధికారి.

మా మిత్రులును పిదప ఆడిరి. వైరస్ పక్షమున నిలుచుట తగునా యను వారి ఆక్షేపణ పూర్తిగా తొలగలేదు. కాని యిప్పుడది ఆటను చూచి చేసిన ఆక్షేపణ. ఆ యువకుడును వారును దానిని గూర్చి రాత్రి పొద్దుపోవు వఱకు వాదించుకొనుచుందురు. ఆ వాదమున ఇద్దఱును లాభపడుచున్నట్లు మాకు తోచుచున్నది.

దోషము పెద్దదైనచో నేమి చేయవలెనని యడుగువారు కలరు. డార్విన్ ఆటను కల్పించిన ముగ్గురిలో ఒకరైన రాబర్ట్ మారిస్ కుమారుడు, విద్యార్థి దశలో, 1988 నవంబరు 2న ఒక ప్రోగ్రామును ఇంటర్నెట్టులోనికి వదలెను. అది తానిదివఱకే చేరిన యంత్రమును గుర్తించి వెనుదిరుగవలసినది; కాని ఏడింట ఒక మాఱు ఎట్లైనను చొరబడునట్లు వ్రాయుటచే వేలకొలది యంత్రములు స్తంభించెను. అది నేరమే. 1990లో న్యాయస్థానము దోషిగా నిర్ణయించి, మూడేండ్ల ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, జరిమానా విధించెను. కాని తలుపు మూయలేదు. ఆ విద్యార్థియే తరువాత ఎం.ఐ.టి.లో ఆచార్యుడయ్యెను. శిక్ష కూడ, దోషమును తూచి, మనిషిని మిగుల్చగలదనుటకు ఇది నిదర్శనము.

మన పిల్లలు నేడు మనకు తెలియని వస్తువులెన్నో చేయుచున్నారు. నాలుగు భాషలు కలిసిన పాటలు, అరచేతి తెరపై చిత్రములు, ఇట్టి ఆటలు. చేసి, ఇంకను మన గుమ్మమునకే తెచ్చి "ఎట్లున్నది?" అని యడుగుచున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనను మాట వారు మఱువలేదన్నమాట. ప్రతిమాఱును భేష్ అనియో ఛీ యనియో పలికి పంపినచో, కొన్నాళ్లకు వారడుగుట మానుదురు. అప్పుడు పిల్లలు మన భాష మఱచిరని మనము సభలలో చింతించుట వ్యర్థము.

తెలియనిచో తెలియలేదని చెప్పుదము. ఒక సాయంకాలము వెచ్చించి చూతము. వారు చేయదలచిన దేమో వారి ముందే చెప్పి సరిచూచుకొందము. ఆ పిమ్మట, వంపు ఏ వరుస వద్ద మొదలైనదో చేతితో చూపుదము. ఆ యువకుడు ఆఱవ యంతస్తు కట్టుచున్నాడట. వచ్చు ఆదివారము తెచ్చునని చెప్పెను. ఈ మాఱు కళ్లజోడు తుడుచుకొని సిద్ధముగా నుందుము.